డాబా మీద అడుగుల చప్పుడు

"నడిపించొద్దని నేను మొత్తుకుంటూనే ఉన్నాను. విన్నావా? ఇప్పుడేమైందో చూశావా?"

మహేంద్ర గొంతు కింద కొట్లోకి కూడా వినపడే ఉంటుంది. ఇత్తడి బిందె బేరమాడుతున్న ఆడమనిషెవరో ఠక్కున మాట ఆపేసింది. ఆ వెంటనే బుల్లిరాజు స్టీలు గరిటెలన్నీ కిందపోసి సర్దడం మొదలెట్టాడు. మేడమీద గొడవ బేరానికొచ్చినవాళ్ళ చెవిన పడకుండా చెయ్యడానికి అతనికి తెలిసిన ఉపాయం అదొక్కటే. ఏళ్ళ తరబడి ఆ కొట్లో పనిచేస్తున్న మనిషి. ఏ గొడవకి ఎంత చప్పుడు చెయ్యాలో అతనికి కొలత తెలుసు. ఇవాళ గరిటెలు చాలవనుకున్నాడేమో, పళ్ళేలు కూడా దించుతున్నాడు.

సూర్యకళ మంచం పక్కన చతికిలబడి చిన్ని గౌన్లు మడతపెడుతోంది. మడతపెట్టినదాన్నే విప్పి మళ్ళీ మడతపెడుతోంది. హాస్పిటల్‌కి సంచి సర్దడం ఇప్పుడామెకి కళ్ళు మూసుకుని చెయ్యగలిగిన పని. తువ్వాలు, ఫ్లాస్కు, చిన్ని తల కింద పెట్టుకునే బుల్లి దిండు, రిపోర్టుల కవరు. ఆపరేషన్‌కి వెళ్ళినప్పుడూ ఇదే సంచి. ఇంటికి తిరిగొచ్చాక దాన్ని ఉతికి, ఆరబెట్టి, అటకమీద చెయ్యందనంత లోపలికి విసిరేసింది. పొద్దున్న కుర్చీ ఎక్కి, చీపురుకట్టతో లాగి కిందికి తీయాల్సొచ్చింది.

"మాట్లాడవేం?"

"ఏం మాట్లాడమంటారండీ? బయల్దేరదాం. ఏదైనా అక్కడ డాక్టరుగారితోనే మాట్లాడదాం."

"డాక్టరుతో నువ్వే మాట్లాడతావు, ఆ ఫోనులో అమ్మాయితో నువ్వే మాట్లాడతావు. పిల్లకి ఆయాసమొస్తే గుడ్లప్పగించి చూసేది మాత్రం మేము."

సూర్యకళ తలెత్తలేదు. ఈ మాటకి జవాబు ఆమె దగ్గరుంది. ఆ జవాబుకి అతను ఏమంటాడో, దానికి తను ఏమనాలో కూడా తెలుసు. నెలల తరబడి అరిగిపోయిన గొడవ. మళ్ళీ మొదట్నుంచీ మొదలెట్టే ఓపిక లేక ఊరుకుంది.

ఫోనులో అమ్మాయంటే వెంకటదుర్గ. కాకినాడ హాస్పిటల్లో గుండె ఆపరేషన్లయిన పిల్లలకి ఎక్సర్‌సైజులు చేయించే ఫిజియోథెరపిస్టు. వారం వారం వీడియో కాల్ చేసి, చిన్ని చేత చేతులెత్తించి, బుడగలు ఊదించి, నవ్వించి వెళ్తుంది. చిన్ని మణికట్టుకి గులాబీరంగు వాచీ ఒకటి కట్టి పంపింది. నడిచిన అడుగులనీ, నాడి కొట్టుకునే తీరునీ ఆ వాచీ ఎప్పటికప్పుడు ఆమెకి చేరవేస్తుంది.

పొద్దున్న ఇడ్లీపాత్ర దించుతుండగా ఆమె ఫోను వచ్చింది. ఎప్పుడూ నవ్వుతూ మొదలెట్టే మనిషి ఇవాళ నవ్వలేదు.

"మేడమ్, కంగారుపడకండి. పాప పొద్దున్న నడిచే టైములో పల్స్ ఒక తీరుగా ఉండట్లేదండి. ఆగి ఆగి కొట్టుకుంటోంది, ఉన్నట్టుండి గబగబా పరిగెడుతోంది. కొన్ని రోజులుగా గమనిస్తున్నాను. వాచీలో లోపమైనా కావచ్చు. కానీ డాక్టరుగారు ఇవాళే ఒకసారి తీసుకురమ్మంటున్నారు. చూసేదాకా నడక ఆపేయండి."

నడక ఆపేయండి. అన్ని మాటల్లోనూ ఇంట్లోవాళ్ళకి వినపడింది ఆ రెండు ముక్కలే.

"ఆపేస్తాం," అన్నాడు మహేంద్ర ఇప్పుడు కూడా ఆ అమ్మాయికే చెప్తున్నట్టుగా. "శాశ్వతంగా ఆపేస్తాం. ఈ చూపించడం అయిపోతే ఇంక వాచీల్లేవు, కాల్స్ లేవు. నా పిల్ల నడవకపోయినా పర్వాలేదు. ఉంటే చాలు."

ఆ చివరి మాట అనేసరికి అతని గొంతు బొంగురుపోయింది. కోపం తెచ్చుకుని మళ్ళీ సర్దుకున్నాడు. "కారు తెస్తాను. బుల్లిరాజు వచ్చి పిల్లని దింపుతాడు. దాన్ని ఒక్క మెట్టు కూడా దిగనివ్వకు."

అతను మెట్లు దిగిపోయాడు. గరిటెల చప్పుడు ఆగింది.

చిన్ని మంచం మీద కాళ్ళూపుకుంటూ కూర్చుని ఉంది. తల దువ్వించుకుని, రెండు జడలకీ రిబ్బన్లు కట్టించుకుని, పేరంటానికి వెళ్తున్నట్టుంది. గౌను మెడ దగ్గర్నుంచి ఆపరేషన్ గాటు కొస కనపడుతోంది. ఆ గాటుకి అది పెట్టుకున్న పేరు రైలుపట్టా. కింద గొట్టం పెట్టిన మచ్చ, గాటుని కలిసే చోటు సామర్లకోట జంక్షన్. అమ్మమ్మ వాళ్ళూరు వెళ్ళాలంటే అక్కడ బండి మారతారు కాబట్టి.

"అమ్మా, మళ్ళీ పట్టా వేస్తారా?"

"లేదమ్మా. ఊరికే చూసి పంపేస్తారు."

"మరి నాన్న ఎందుకు అరిచాడు?"

"నాన్న అరవలేదు. కింద చప్పుడుగా ఉందని గట్టిగా మాట్లాడాడు."

చిన్ని ఆ మాట నమ్మలేదు. కానీ తల్లి మొహం చూసి నమ్మినట్టు తలూపింది. ఎనిమిదేళ్ళ పిల్ల. తన కోసం పెద్దవాళ్ళాడే అబద్ధాలని నొప్పించకుండా అందుకోవడం దానికి హాస్పిటల్లోనే అలవాటైంది.

అత్తగారు సంపూర్ణమ్మ గుమ్మం పక్కన పీటమీద కూర్చుని ఉంది. కాఫీ మీద మీగడ కట్టింది. కొడుకు అంతసేపు అరిచినా ఆవిడ నోరు విప్పలేదు. ఆ సంగతి సూర్యకళకి అప్పుడు తట్టింది. కోడలి మీద కొడుకు ఒక మాటంటే, పక్కన రెండు చేర్చందే ఆవిడకి కాఫీ దిగదు. ఇవాళ గెలుపంతా ఆవిడదే. నడిపించొద్దని మొదటన్నది ఆవిడే. అయినా గెలిచిన మనిషిలా లేదు. కుడిచేత్తో ఎడమ మణికట్టుని పట్టుకుని, తలుపుకి ఆనుకుని కూర్చుంది.

మూడు వారాల కిందటి గొడవ ఆవిడతోనే. సూర్యకళ పిల్లని నడవలో అటూ ఇటూ నడిపిస్తుంటే, ఎదురుగా వచ్చి ఎత్తేసుకుంది. ఆ రోజు ఇద్దరూ అన్నం తినలేదు. మర్నాడు ఆవిడే వచ్చి, "పొద్దున్నపూట డాబా మీద నేను నడిపిస్తాలే. నువ్వు వంట చూసుకో," అంది. సూర్యకళకి ఆవిడ కాళ్ళమీద పడదామన్నంత సంతోషమేసింది.

ఆ రోజునుంచీ వంటింట్లో పొద్దున్నలు మారిపోయాయి. పోపు వేస్తుంటే నెత్తిమీద డాబా మీద అడుగుల చప్పుడు వినపడేది. మిక్సీ ఆపి వినేది. ఆవాలు చిటపటమనేవి, కరివేపాకు ఘుమ్మనేది, పైన అడుగులు ఒక గుండ్రంలో తిరిగేవి. నా పిల్ల నడుస్తోంది, అనుకునేది. ఎవరూ చూడకుండా గరిటెతో ఆ అడుగులకి తాళం కూడా వేసేది. రోజు మొత్తమ్మీద ఆమెకి మిగిలిన సుఖం అదొక్కటే.

ఆ అడుగులే చేటు తెచ్చాయా?

"వాచీ ఏదే?" అంది సూర్యకళ ఉన్నట్టుండి, చిన్ని ఖాళీ చెయ్యి చూసి. "హాస్పిటల్లో అడుగుతారు."

చిన్ని మామ్మ వంక చూసింది.

 సంపూర్ణమ్మ బొడ్లోంచి వాచీ తీసి, లేవకుండానే కోడలివైపు చాచింది.

సూర్యకళ దాన్ని చిన్ని చేతికి పెట్టబోయింది. కట్టినది కట్టినట్టే మోచేతిదాకా జారిపోయింది. పట్టీ తిప్పి చూసింది. చిన్నికి మొదటి బెజ్జంలో పెట్టినా వదులే. ఇప్పుడు బకిలు మూడు బెజ్జాలు దాటి ఉంది. అక్కడే పట్టీ మడతపడి, గులాబీరంగు వెలిసి తెల్లగీత పడింది. దాని అంచున పసుపు అంటుకుని ఉంది.

"ఈ వాచీ ఎవరు పెట్టుకున్నారత్తయ్యా?"



"మామ్మే," అంది చిన్ని. "నా బదులు మామ్మ నడుస్తుంది. తులసమ్మ చుట్టూ. నేను కుర్చీలో కూర్చుని, మామ్మ ఒక చుట్టు తిరిగినప్పుడల్లా గోవిందా అనాలి. గట్టిగా కాదు, నువ్వు వినకుండా."



"పిల్లనేం అనకు," అంది సంపూర్ణమ్మ. "నేనే చెప్పొద్దన్నాను."

"ఇన్నాళ్ళూ... నేను కింద విన్న అడుగులు..."

"నావే."

"ఎందుకు చేశారు?"

"ఎందుకేంటి? దాని పేరు మీద తిరిగాను. మీ మావయ్యగారు జ్వరంతో మంచాన పడితే మా అత్తగారు ఆయన బదులు తిరిగింది. మహేంద్ర కడుపులో ఉండగా నేను లేవలేకపోతే మా అమ్మ నా బదులు తిరిగింది. లేవలేనివాళ్ళ బదులు ఇంట్లోవాళ్ళు తిరగడం తప్పెప్పుడైంది? వాచీ కూడా ఉంటే, అటు దేవుడి లెక్కా ఇటు డాక్టర్ల లెక్కా ఒక్కసారే తీరుతుందనుకున్నాను."

"దేవుడు ఒప్పుకుంటాడు అత్తయ్యా. పిల్ల గుండె ఎలా ఒప్పుకుంటుంది? అది తనంతట తను నడిస్తేనే కదా దానికి బలం?"

"పుట్టినప్పట్నుంచీ ఏం చెప్పారు మాకు?" సంపూర్ణమ్మ గొంతు పెరిగింది. "పరిగెత్తనివ్వకండి, ఏడవనివ్వకండి, అలసిపోనివ్వకండి. ఆ డాక్టర్లే చెప్పారు. పెదాలు నల్లబడితే ఒళ్ళో వేసుకుని మోకాళ్ళు గుండెకానించి కూర్చున్నది నేను. ఇన్నేళ్ళు పట్టుకుని కూర్చోమని, ఇప్పుడు ఒక్కసారిగా వదిలేసి పరిగెత్తించమంటే... నా మనసు విన్నా నా చేతులు వినట్లేదే, సూర్యకళా. అది అడుగు తీస్తే చాలు, చేతులు వాటంతటవే ముందుకొచ్చేస్తున్నాయి."

 సూర్యకళకి లోపల్నుంచి నవ్వో ఏడుపో తెలియనిదొకటి తన్నుకొచ్చింది. పల్స్ ఒక తీరుగా లేదన్నది చిన్నిది కాదు! చిన్ని గుండెకేమీ కాలేదు! పిల్లని దగ్గరకి లాక్కుని, జడల మధ్య మొహం దాచుకుంది. కొబ్బరినూనె వాసన. "అమ్మా, రిబ్బను నలిగిపోద్ది," అంటోంది చిన్ని. నలగనీ. ఎన్ని రిబ్బన్లయినా నలగనీ.

తలెత్తేసరికి అత్తగారు ఇంకా అలాగే మణికట్టు పట్టుకుని ఉంది.

సూర్యకళ మొహంలో నవ్వు కొద్దికొద్దిగా ఆరిపోయింది.

"అత్తయ్యా. మరి ఆగి ఆగి కొట్టుకుంటున్నది..."

"పొద్దున్న నువ్వు ఫోను మాట్లాడుతుంటేనే తెలిసింది నాకు."

"ఒంట్లో ఎలా ఉంటోంది మీకు?"

"ఎలా ఉంటుంది? నాలుగు చుట్లు తిరిగేసరికి కళ్ళు బైర్లు కమ్ముతాయి. తులసికోట గట్టుమీద కూర్చుంటే పోతుంది. వయసు."

"వయసు కాదండీ. పదండి, మీరూ రండి. మిమ్మల్నే చూపించాలి."

"ష్," అంది సంపూర్ణమ్మ మెట్లవైపు చూసి. పీట మీంచి వంగి కోడలి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది. "ఇటు విను. ఇవాళ్టినుంచి పిల్లని నడిపించుకో. మెట్లెక్కిస్తావో, స్కూలుకి పంపిస్తావో, ఆడిస్తావో నీ ఇష్టం. నేను నోరెత్తను. వాడికి కూడా నేనే చెప్తాను. నా మాట కాదనడు. నీకు కావలసింది అదేగా?"

సంపూర్ణమ్మ వాచీకేసి కళ్ళతో చూపించింది.

"వాచీ పాడైపోయిందని చెప్పు. అది నా చేతికున్న సంగతి వాడికి తెలియకూడదు. అంతే."

"అత్తయ్యా!"

"నువ్వు చూళ్ళేదు. ఆపరేషనప్పుడు నువ్వు లోపల పిల్ల దగ్గరున్నావు. ఆ హాస్పిటల్ బెంచీ మీద వాడు ఎలా కూర్చున్నాడో నేను చూశాను. టీ గ్లాసు చేత్తో పట్టుకుని, అందులో ఈగ పడినా తెలియకుండా, మధ్యాహ్నం దాకా అలాగే. నా కొడుకు మొహం నేనే గుర్తుపట్టలేకపోయాను. మళ్ళీ నాకోసం వాణ్ణి ఆ బెంచీ మీద కూర్చోబెట్టమంటావా? నా వల్ల కాదమ్మా."

 కింద ఎవరో గిన్నె మోగించి చూసుకుంటున్నారు. ఖంగున మోగి, చాలాసేపు సాగి ఆగిపోయింది.

ఎంత అలసిపోయిందంటే, సూర్యకళకి ఒక్క క్షణం అది న్యాయంగానే తోచింది. ఇంట్లో ఎవరూ అడ్డురారు. పోట్లాడక్కర్లేదు. పిల్ల నడుస్తుంది. దానికి బదులుగా తను చెయ్యవలసిందల్లా ఒకమాట చెప్పకుండా ఉండడం. ఈ ఇంట్లో ఎన్ని మాటలు మింగలేదు గనక!

ఔననలేదు. కాదనీ అనలేదు.

"రండి చిన్నిగారూ, ఏనుగు వాహనం సిద్ధం!" అంటూ బుల్లిరాజు గుమ్మంలో వంగి వీపు చూపించాడు. పొద్దున్న డాబా మీదికీ, సాయంత్రం కింద కొట్లోకీ ఆ ఊరేగింపు అతనికి అలవాటు.

"ఎత్తుకోకు, బుల్లిరాజూ," అంది సంపూర్ణమ్మ. "దిగుతుంది. నడిచే దిగుతుంది."

బుల్లిరాజు వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. "అదేంటండీ అమ్మగారూ?"

"చెప్పాను కదా. పక్కకి జరుగు."

చిన్ని మంచం మీంచి ఒక్క దూకు దూకింది. సంపూర్ణమ్మ చేతులు గాల్లోకి లేచాయి. ఆవిడే వాటిని లాక్కుని చీర కొంగులో చుట్టుకుంది.

వెంకటదుర్గ నేర్పినట్టే సూర్యకళ ఒక మెట్టు కింద నిలబడి, పిల్లకేసి తిరిగింది. చిన్ని కడ్డీ పట్టుకుంది. తొందరపెట్టకూడదు. పిల్ల దిగినంత నెమ్మదిగా తనూ దిగాలి. దిగుతూ కబుర్లు చెప్పగలిగితే అంతా బాగున్నట్టు. మాట తడబడితే కూర్చోబెట్టాలి.

"చెప్పు, ఏం కనపడుతోంది?"

"బుల్లిరాజు బట్టతల!"

"ఇంకా?"

"ఇడ్లీ స్టాండ్లు. అదుగో పెద్ద గంగాళం. అమ్మా, మెట్లు చల్లగా ఉన్నాయే! ఇన్నిరోజులూ నాకు తెలీదు."

 అరికాలికి మెట్టు చల్లగా తగలడం కూడా ఒక సంబరమేనా! చిన్ని ప్రతి మెట్టు మీదా రెండు కాళ్ళూ ఆనించి, వేళ్ళు ముడిచి విప్పి, ఆ చల్లదనం చూసుకుని మరీ దిగుతోంది. సగం దిగాక మాట చిన్నదైంది. పైపెదవి మీద చెమట పట్టింది. పెదాలు మాత్రం ఎర్రగానే ఉన్నాయి.

మెట్లు మలుపు తిరిగే చోట చిన్ని ఆగి, కూర్చుంది.

"సామర్లకోట," అంది రొప్పుతూ. "ఇక్కడ బండి ఆగాలి. నీళ్ళు పట్టుకోవాలి."

ముందుగా దిగుతున్న బుల్లిరాజు గట్టిగా నవ్వేసి, నోటికి చెయ్యడ్డం పెట్టుకున్నాడు.

అప్పుడే కింద కారు ఆగింది. మహేంద్ర కొట్లోంచి గబగబా వచ్చి, మెట్ల మొదట్లో కొయ్యబారిపోయాడు.

"ఎవరు దింపమన్నారు? సూర్యకళా! నీకేమైనా మతిపోయిందా?"

"నేనేరా దింపమన్నాను." పైమెట్టు మీంచి సంపూర్ణమ్మ గొంతు. "వాచీ పాడైపోయిందంట. పిల్లకేం లేదు. కాకినాడ వెళ్ళక్కర్లేదు. కారు షెడ్డులో పెట్టెయ్."

మహేంద్ర పైకి చూశాడు, తల్లికేసి. తర్వాత భార్యకేసి.

"పాడైపోయిందా? నిజమేనా?"

ఆ ప్రశ్నలో ఎంత ఆశ ఉందంటే, సూర్యకళ అతని మొహంలోకి చూడలేక చిన్నివైపు తిరిగింది. చిన్ని నోరు తెరిచి, మూసి, తల్లినే చూస్తోంది. ఏమనాలో చెప్పు, అదే అంటాను, అన్నట్టుగా. ఇందాక తను ఆడిన చిన్న అబద్ధాన్ని అందుకున్నప్పుడు కూడా పిల్ల ఇలాగే చూసింది.

చేతిలో ఫోను మోగింది. వెంకటదుర్గ.

సూర్యకళ ఆ పేరు చూస్తూ నిలబడింది. తను చెప్తే అత్తగారి మీద చాడీ చెప్పినట్టవుతుంది. చెప్పకపోతే... తులసికోట గట్టు గుర్తొచ్చింది. రేపు పొద్దున్న అక్కడ ఆవిడ ఒక్కతే కళ్ళు మూసుకుని కూర్చుని ఉండడం కనపడింది. కింద వంటింట్లో తను మిక్సీ ఆపి, పైన చప్పుడు లేకపోవడాన్ని వినడం కనపడింది.

ఫోనెత్తింది.

"బయల్దేరారా మేడమ్?"

"లేదండీ. వాచీ సంగతి ఒకటి ఉంది. అది మా అత్తగారికే తెలుసు. ఆవిడే చెప్తారు."

స్పీకరు నొక్కింది. చిన్నిని బుల్లిరాజుకి అప్పజెప్పి, దిగిన మెట్లన్నీ మళ్ళీ ఎక్కింది. అత్తగారి చీర కొంగు విప్పి, అందులో చుట్టుకున్న చల్లటి చేతిని బయటికి తీసి, అందులో ఫోను పెట్టింది. ఆ చేతిని వదల్లేదు.

"నమస్కారమండీ మామ్మగారూ," అంది వెంకటదుర్గ గొంతు, మెట్లన్నీ వినపడేలా. "చెప్పండి. పొద్దున్నపూట ఆ వాచీ ఎవరి చేతికి ఉంటోందండీ?"

కింద మహేంద్ర ఒక కాలు మొదటి మెట్టు మీద పెట్టి, తలెత్తి చూస్తున్నాడు. సంపూర్ణమ్మ పెదాలు కదిలాయి. ఆవిడ ఏమన్నా ఇప్పుడు అందరికీ వినపడుతుంది. కింద కొట్లో గరిటెలు సర్దడానికి బుల్లిరాజు లేడు.